సారాయి కొట్టు, శనివారం కూలి: మా సేలం నేతవీధిలో మూడు తరాలు



సమాఖ్య వార్షికోత్సవ సంచికకు మన చరిత్ర ఏదైనా రాసి పంపమని అడిగినారు. మనవాళ్ళు ఎప్పుడు వలస వచ్చినారు, ఏ గుడికి ఏ వస్త్రం నేసినారు అనే సంగతులు నాకంటే చదువుకున్నవాళ్ళు బాగా రాస్తారు. నేను చదివింది ఎనిమిదో తరగతి. నాకు తెలిసింది మా వీధి, మా సంఘం లెక్కల పుస్తకం. అందుకని మా వీధిలో మగపిల్లలు ఎట్లా పెద్దవాళ్ళు అయినారు, వాళ్ళు పెరిగే దారిలో సారాయి కొట్టు ఎప్పుడు తెరిచినారు, ఎప్పుడు మూసినారు అనే సంగతి రాస్తాను. చెప్పుకుంటే పరువు తక్కువ అని ఇన్నాళ్ళు దాచుకున్నాము. దాచుకున్నందువల్ల ఎవరి ఇల్లూ బాగుపడలేదు.

తాత కాలం

మాది సేలం పక్కన ఒక నేత ఊరు. ఇప్పుడు సేలం, నామక్కల్, ధర్మపురి, కృష్ణగిరి అని నాలుగు జిల్లాలుగా ఉన్నది మా తాత కాలంలో ఒకటే సేలం జిల్లా. ఇటు హోసూరు, అటు తిరుచెంగోడు అన్నీ అందులోవే. తెలుగు, తమిళం, కన్నడం, సౌరాష్ట్రం మాట్లాడే నేతవాళ్ళు పక్కపక్క వీధుల్లో ఉండేవాళ్ళు. ఇంట్లో భాష వేరైనా మగ్గం గుంత అందరిదీ ఒకటే.

తెల్లవాళ్ళ పాలనలో కల్లు, సారాయి కొట్లను ప్రభుత్వం వేలం వేసేది. ఎక్కువ పాట పాడినవాడిది కొట్టు. పాట డబ్బు రాబట్టుకోవాలి కాబట్టి వాడు సంతకు దగ్గర, కూలివాళ్ళ వీధులకు దగ్గర పెట్టుకునేవాడు. చేతిలో డబ్బు లేకపోయినా బాకీ రాసుకుని పోసేవాడు. మా తాత శనివారం కూలి తీసుకుని ఇంటికి వచ్చేలోపల దారిలో సగం అయిపోయేదని మా అవ్వ చెప్పేది. మిగతా సగానికి మొదలాళి దగ్గర తీసుకున్న బాకీ కాచుకుని ఉండేది.

దీన్ని మాన్పించాలని మొదట బయటికి వచ్చినవాళ్ళలో ఆడవాళ్ళు ఉన్నారని మనం మరచిపోకూడదు. 1921లో కావేరి అవతల ఈరోడ్‌లో కల్లు కొట్ల ముందు పికెటింగ్‌కు నిలబడింది ఈ.వె. రామస్వామి గారి భార్య నాగమ్మై, ఆయన చెల్లెలు కణ్ణమ్మై. తరువాత 1925లో రాజాజీ గారు తిరుచెంగోడు దగ్గర పుదుపాళయంలో గాంధీ ఆశ్రమం పెట్టినారు. అక్కడ రాట్నం, ఖద్దరు పని ఒక పక్క, తాగుడు మాన్పించే పని ఇంకొక పక్క. మద్యపానం మీదనే 1929లో ‘విమోచనం’ అని తమిళ పత్రిక కూడా నడిపినారు. నూలు పని, తాగుడు మాన్పించే పని ఒకే చోట ఎందుకు పెట్టినారో మన నేతవాళ్ళకు ఎవరూ వివరించి చెప్పనక్కర లేదు. నూలు వడికితే వచ్చే అణా ఇంటికి చేరాలంటే దారిలో కొట్టు ఉండకూడదు.

1937లో రాజాజీ గారు మదరాసు ప్రభుత్వానికి ప్రధాని అయినారు. అప్పట్లో ముఖ్యమంత్రిని అట్లాగే పిలిచేవారు. ఆ ఏడు అక్టోబరు 1 నుంచి సేలం జిల్లా మొత్తానికి మద్యనిషేధ చట్టం పెట్టినారు. ఆయన సొంత జిల్లా ఇది. హోసూరు దగ్గర తొరపల్లిలో పుట్టినారు, సేలం మునిసిపాలిటీకి అధ్యక్షుడుగా కూడా పని చేసినారు. మరుసటి ఏడు 1938లో మన తెలుగు జిల్లాలు చిత్తూరు, కడపకు కూడా అదే చట్టం వచ్చింది.

అవ్వకు చట్టం పేరు తెలియదు, తేదీ తెలియదు. ఆమెకు గుర్తున్నది ఆ తరువాత నెలకు వచ్చిన దీపావళి. “పదిమందికి గుడ్డలు నేసే ఇల్లు. మా పిల్లలకు కొత్త గుడ్డ కట్టింది ఆ పండక్కే” అనేది. మా ఇంట్లో మద్యనిషేధ చరిత్ర ఆ ఒక్క మాటలోనే ఉంది.

అయితే ప్రభుత్వానికి కొట్ల మీద వచ్చే డబ్బు పోయింది. ఆ లోటు పూడ్చడానికే 1939లో అమ్మకపు పన్ను తెచ్చినారు. ఈ రోజు మనం నూలు కొన్నా, రంగు కొన్నా కట్టే పన్నుకు మూలపురుషుడు ఆ పన్నే. కల్లు గీసుకుని బతికేవాళ్ళకు బతుకుదెరువు పోయింది. తాటి బెల్లం కాచుకోమన్నారు కానీ అది అందరికీ గిట్టుబాటు కాలేదు. ఒకరి ఇంట్లో దీపం పెడితే ఇంకొకరి ఇంట్లో పొయ్యి ఆరింది. అది కూడా చెప్పకపోతే అబద్ధం రాసినట్టు అవుతుంది.

ఆ ప్రభుత్వం 1939లో దిగిపోయింది. యుద్ధం నడుస్తున్న 1943లో చట్టాన్ని ఆపేసినారు, కొట్లు మళ్ళీ వచ్చినాయి. 1946లో మన టంగుటూరి ప్రకాశం పంతులు గారు ప్రధానిగా ఉన్నప్పుడు మళ్ళీ మూసినారు. 1948 గాంధీ జయంతి నాటికి మదరాసు రాష్ట్రం అంతటా నిషేధం వచ్చింది.

నాయన కాలం

మా నాయన 1935లో పుట్టినాడు. ఆ ఏడే మదరాసులో చేనేత సహకార సంఘాలకు పెద్ద సంఘం పెట్టినారు. ఇప్పుడు మనం కోఆప్టెక్స్ అనేది అదే. నాయనకు పన్నెండేళ్ళు వచ్చి మగ్గం గుంతలో కాళ్ళు పెట్టేసరికి మా ఊళ్ళో సారాయి కొట్టు లేదు. ఆయన పెళ్ళికి లేదు, నేను పుట్టినప్పుడు లేదు.

తాగుడు అసలే లేదని కాదు. కల్రాయన్ కొండల్లో దొంగసారాయి కాచేవాళ్ళు. పట్టణాల్లో వార్నిష్ తాగి కళ్ళు పోగొట్టుకున్నవాళ్ళు, ప్రాణం పోగొట్టుకున్నవాళ్ళు ఉన్నారు. కానీ కావాలనుకున్నవాడు దానికోసం వెతుక్కుంటూ పోవాలి, పోలీసుకు భయపడాలి. బడికి పోయే పిల్లవాడి దారిలో అది కనపడేది కాదు. నాయన తరం మగవాళ్ళు చాలామంది శనివారం సాయంత్రం టీ అంగడి ముందు కూర్చుని కబుర్లు చెప్పుకుని ఇంటికి వచ్చినవాళ్ళు. కూలి తక్కువే. నూలు దొరకని నెలలు, మిల్లు గుడ్డ వచ్చి మన గుడ్డ అమ్ముడుపోని నెలలు చాలా ఉన్నాయి. 1953లో కేంద్రం మిల్లు గుడ్డ మీద ప్రత్యేక సుంకం వేసి ఆ డబ్బు ఖద్దరుకు, చేనేతకు ఇస్తామన్నది అందుకే. పేదరికం అట్లాగే ఉంది. అయితే ఉన్న కాస్త కూలి ఇల్లు చేరేది.

1971 ఆగస్టు 30న ఆ రోజులు అయిపోయినాయి. కొత్తగా నిషేధం పెట్టే రాష్ట్రాలకు కేంద్రం సాయం చేస్తామంది, ముందునుంచీ నిషేధం ఉన్న తమిళనాడుకు ఇవ్వలేదు. ఖజానాకు డబ్బు లేదని కరుణానిధి గారి ప్రభుత్వం నిషేధాన్ని ఆపి వేసింది. తొంభై రెండేళ్ళ వయసులో రాజాజీ గారు ఆయన ఇంటికి వెళ్ళి వద్దని బతిమాలినారు. మరుసటి ఏడు డిసెంబరులో రాజాజీ గారు పోయినారు.

మా కాలం

అప్పుడు నాకు పదకొండేళ్ళు. మా ఊరికి కొట్టు వచ్చింది. మొదలాళి కూలి ఇచ్చే చోటికీ మా వీధికీ మధ్యలో పెట్టినారు. ముప్పై ఆరేళ్ళు కొట్టు మొహం చూడని మా నాయన మొదటిసారి లోపలికి ఎందుకు పోయినాడో నాకు తెలియదు. కాళ్ళు గుంతలో పెట్టి, నడుము వంచి, పొద్దున్నుంచి దీపాలు పెట్టేదాకా పలక లాగినవాడికి ఒళ్ళు నొప్పులు నిజమే. “ఒక గ్లాసు వేసుకో, నిద్ర పడుతుంది” అని చెప్పే స్నేహితుడు కూడా ఉంటాడు. ఆ గ్లాసు వారానికి ఒకటిగా మొదలై రోజుకు ఒకటి అయింది.

మన పనిలో తాగుడు మొదట ఎక్కడ కనపడుతుందో నేతవాళ్ళకు తెలుసు, గుడ్డ మీద కనపడుతుంది. చేయి వణికితే అంచు వంకర పోతుంది. తెగిన పోగు అతకకుండా వదిలేస్తే గుడ్డలో గీత పడుతుంది. మొదలాళి గుడ్డ విప్పి చూసి కూలిలో కోత వేస్తాడు. కోత పడితే బాకీ పెరుగుతుంది. నాయన ఇంకొక అడుగు ముందుకు పోయినాడు. మొదలాళి ఇచ్చిన నూలులో కొన్ని చిలపలు బయట అమ్మినాడు. నేతవాడు ఎంత పేదవాడైనా చేయకూడని పని అది. తూకంలో తేలిపోయింది. మొదలాళి పోలీసుకు చెప్పలేదు, పుస్తకంలో బాకీ రాసుకున్నాడు. ఆ బాకీ తీరాలంటే మా ఇంట్లో రెండో మగ్గం ఆడాలి.

1974లో నేను ఎనిమిదో తరగతి పరీక్ష రాసి వచ్చిన వారానికే రెండో మగ్గం గుంత తవ్వినారు. అమ్మ గుంతకు పసుపు కుంకుమ పెట్టి దణ్ణం పెట్టుకోమంది. అప్పటిదాకా నేను కండెలు చుట్టే పిల్లవాణ్ణి. ఆ రోజునుంచి వీధిలో అందరూ “పెద్దవాడయినాడు” అన్నారు. మా దగ్గర పెద్దవాడు కావడం అంటే అదే. వయసుతో లెక్క లేదు, బాకీ మోసేవాడు పెద్దవాడు.

నాతోపాటు మా పక్కింటివాడు కూడా అదే నెలలో బడి మానినాడు. పేరు వద్దు, వాడి పిల్లలు ఇప్పుడు బాగున్నారు. చదువులో నాకంటే మంచివాడు, నేతలో ఇంకా మంచివాడు. వాడి మొదటి కూలి రోజున వీధి అన్నలు వాణ్ణి “ఇప్పుడు మగవాడివి రా” అని భుజం మీద చేయి వేసి తీసుకుపోయినారు. నన్ను కూడా పిలిచినారు. నేను పోలేదు. నేను గొప్పవాణ్ణి కాబట్టి కాదు. నా కూలి నా చేతికి రాలేదు, నేరుగా బాకీకి పోయింది. జేబులో పైసా లేనివాణ్ణి ఎవరు తీసుకుపోతారు?

అంతలో 1973లో కల్లు కొట్లు, 1974లో సారాయి కొట్లు మళ్ళీ మూసినారు. కానీ మూడేళ్ళలో అలవాటు పడినవాళ్ళకు మూసిన తలుపు అడ్డం కాలేదు. కొండసారాయి సంచుల్లో వీధికే వచ్చింది. 1981లో ఎం.జి.ఆర్. గారి ప్రభుత్వం కొట్లు మళ్ళీ తెరిచింది. 1983లో పొంగల్‌కు పేదలకు ఉచిత చీర, ధోవతి ఇచ్చే పథకం వచ్చింది, మన సంఘాలకు పని దొరికింది. ఆ ఏడే మద్యం హోల్‌సేల్ అమ్మే టాస్మాక్ కూడా పుట్టింది. 1987లో సారాయి, కల్లు ఆపినారు. తరువాత చవక మద్యం మళ్ళీ వచ్చింది, 1991లో పోయింది. సీమ మద్యం మాత్రం పోలేదు. 2003 నవంబరు నుంచి చిల్లర కొట్లు కూడా టాస్మాక్‌వే. తెరవడం, మూయడం చూసీ చూసీ మాకు ఒకటి తెలిసింది. కొట్టు మూసినప్పుడు చిన్నపిల్లలు తప్పించుకుంటారు, అది నిజం. కానీ అప్పటికే మునిగినవాణ్ణి కొట్టు మూసి పైకి లాగలేము.

సంఘం కిటికీ దగ్గర

నాకు అక్షరం వచ్చు కాబట్టి సంఘంలో లెక్కలు రాయడానికి పిలిచినారు. మొదట గుమస్తా, తరువాత సెక్రటరీ. శనివారం బట్వాడా నా చేతిమీదుగా జరిగేది. ఆ కిటికీ వెనక కూర్చున్నాకే నాకు అసలు సంగతి అర్థమైంది.

ఒక చీర వెనక ఎన్ని చేతులు ఉంటాయి? ఆసు పోసేది ఒకరు, వీధిలో పడుగు సాగదీసి గంజి పెట్టేటప్పుడు ఇల్లంతా, కండెలు చుట్టేది అమ్మ, పిల్లలు. మగ్గం మీద కూర్చునేది ఒకడు. కూలి లెక్క ఆ ఒక్కడి పేరు మీదే. అందరి కష్టం ముద్దగా ఒక్క చేతిలో పడుతుంది, అదీ వారానికి ఒక్కసారే, అదీ కొట్టు తెరిచి ఉండే సాయంత్రం పూటే. భార్య చుట్టిన కండెకు విడిగా పైసా లేదు కాబట్టి “నా కూలి ఏది” అని అడిగే హక్కు కూడా ఆమెకు లేదు. తాగుడు నేతవాడి గుణం వల్ల వచ్చింది అంటారు. కొంత నిజం. కానీ మేము కూలి ఇచ్చే పద్ధతే కొట్టుకు దారి వేసింది. ఆ దారి వేసినవాళ్ళలో నేనూ ఉన్నాను.

ఎందుకంటే, 1984లో ఒక శనివారం మా పక్కింటి అత్త, అంటే నా స్నేహితుడి తల్లి, కిటికీ దగ్గరికి వచ్చింది. “అబ్బాయీ, ఈ వారం వాడి కూలి నా చేతికియ్యి. కోడలు నీళ్ళాడే రోజులు దగ్గరపడినాయి” అన్నది. నేను పుస్తకం చూపించి, “అత్తా, సంతకం ఎవరిదో డబ్బు వాళ్ళకే ఇయ్యాల, రూల్ అది” అన్నాను. రూల్ నిజమే. కానీ నేను రూల్ చెప్పింది వాడు వచ్చి గలాటా చేస్తాడనే భయంతో. ఆమె ఏమీ అనలేదు, కొంగుతో మొహం తుడుచుకుని వెళ్ళిపోయింది. అరగంటకు వాడు వచ్చి సంతకం పెట్టి డబ్బు తీసుకున్నాడు. ఎటు పోయినాడో కిటికీలోనుంచే చూసినాను.

మరో నాలుగేళ్ళకు వాడు కామెర్లతో పోయినాడు. ముప్పై నిండలేదు. పదో రోజు అయినాక వాడి భార్య సంఘానికి వచ్చి, “మగ్గం ఉంది, నాకు నేత వచ్చు, నూలు నా పేరు మీద ఇస్తారా?” అని అడిగింది. కమిటీలో కొందరు పెద్దలు ఆడదాని పేరు మీద ఎట్లా అన్నారు. ఆ రోజు నేను మొదటిసారి నోరు తెరిచినాను. అత్త సంగతి చెప్పినాను. ఆ అమ్మను సభ్యురాలిగా చేర్చుకున్నాము. తరువాత నేసే ఆడవాళ్ళు ఎవరు అడిగినా వాళ్ళ సొంత పేరు మీదే నూలు, వాళ్ళ చేతికే కూలి అని తీర్మానం చేసినాము. బట్వాడా కూడా శనివారం సాయంత్రం మానేసి వారం మధ్యలో పొద్దున పూటకు మార్చినాము. చిన్న మార్పే. కొట్టు మీద దాడి చేయలేదు, ఊరేగింపు తీయలేదు. కానీ ఆ తరువాత సంత రోజున మా వీధి ఆడవాళ్ళ చేతి సంచి బరువు పెరిగింది.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారాయి కొట్టు మూయించిన వార్తను నేను మగ్గాల దగ్గర చదివి వినిపించినాను. మా అమ్మ కండె చుట్టడం ఆపి రెండోసారి చదవమంది.

ఇంకొక మేలు 1975లో మన రాష్ట్రంలో సహకార నేతవాళ్ళకు పెట్టిన పొదుపు, భద్రత పథకం. కూలిలో రూపాయికి కొన్ని పైసలు ముందే పట్టుకుని జమ చేస్తారు, ప్రభుత్వం కొంత కలుపుతుంది. పట్టుకున్న పైసలకు కొట్టు దారి తెలియదు. మా నాయనను మొదలాళి బాకీ తీరినాక సంఘంలో చేర్పించినాను. ఆయన తాగుడు ఒక్కసారిగా మానలేదు. మూడుసార్లు మానినాడు, రెండుసార్లు మళ్ళీ మొదలుపెట్టినాడు. మూడోసారి నిలిచింది. అరవై నిండినాక 1995లో పొదుపు డబ్బు చేతికి వచ్చింది. ఆ కవరు తెచ్చి నా భార్య చేతిలో పెట్టి, “పాప బడికి కట్టమ్మా. వాడికి బాకీ ఉన్నాను” అన్నాడు. నాతో మాత్రం ఆ మాట ఎప్పుడూ అనలేదు. అవసరం కూడా లేదు.

ఇప్పుడు

మొట్టమొదట మద్యనిషేధం చూసిన జిల్లా మాది. ఆ జిల్లావాడే అయిన శశిపెరుమాళ్ అనే గాంధేయవాది 2015 జులై 31న, కన్యాకుమారి జిల్లాలో ఒక మద్యం కొట్టు తీసేయమని సెల్ టవర్ ఎక్కి పోరాడుతూ ప్రాణం వదిలినాడు. 2024 జూన్‌లో మా పక్కనే కళ్ళకురిచిలో దొంగసారాయి తాగి 60 మందికి పైగా పోయినారు. కొట్లు తెరిచి ఉన్నా దొంగసారాయి ఆగలేదు, మూసి ఉన్నప్పుడూ ఆగలేదు. ప్రభుత్వాన్ని అడగవలసింది అడుగుదాము. కానీ ప్రభుత్వం వచ్చి చేయలేని పని ఒకటి మన చేతిలో ఉంది.

కర్ణాటక, ఒడిశా, మహారాష్ట్ర, యానాం వైపు మన సంఘాల పెద్దలను మూడు సంగతులు అడుగుతున్నాను. ఒకటి, మీ సభ్యుల జాబితా ఈ వారం తీసి చూడండి. ఇంట్లో నేసేది ఎవరు, పుస్తకంలో పేరు ఎవరిది? వేరుగా ఉంటే సరిచేయండి. రెండు, కూలి ఇప్పుడు బ్యాంకులో పడుతోంది, మంచిదే. కానీ ఆ ఖాతా కార్డు, ఫోను ఎవరి జేబులో ఉన్నాయి? తెల్లవారేలోపల ఖాళీ అయ్యే ఖాతా పాత శనివారం కంటే మేలు కాదు. మూడు, మగపిల్లవాడి మొదటి జీతం రోజున, అది మగ్గం మీద వచ్చినా, తిరుపూరు కంపెనీలో వచ్చినా, బెంగళూరు ఆఫీసులో వచ్చినా, వాణ్ణి సీసా దగ్గరికి తీసుకుపోయే అన్నలు మన ఇళ్ళల్లోనే ఉన్నారు. ఆ రోజు వాణ్ణి ఇంటికి పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని అన్నం పెట్టండి.

మా పక్కింటివాడి భార్య ఇప్పటికీ మా సంఘంలో సభ్యురాలు. కిందటి నెల ఆమె మనవడు పన్నెండో తరగతి మార్కుల కాగితం చూపించడానికి ఆఫీసుకు వచ్చినాడు. తాత పోలికే. మార్కులు చూసి, వీపు తట్టి పంపినాను. వాడు పోయినాక అత్త నిలబడి అడిగిన ఆ కిటికీ వైపు చాలాసేపు చూస్తూ కూర్చున్నాను.